నరసింగరావు అన్నం మానేశాడు

రాజాంలో జగన్నాధంగారి రైసుమిల్లు గుమస్తా నరసింగరావు ఒక సోమవారం పొద్దున్న పళ్ళు తోముకుని, మొహం తుడుచుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి పెళ్ళానికి ఒక ముక్క కచ్చితంగా చెప్పేశాడు.

"తాయారూ, ఈ పూట నుంచి నేను అన్నం మానేస్తన్నాను."

తాయారు పొయ్యి ఊదుతోంది. ఊదడం ఆపలేదు. ఇలాంటి ప్రకటనలు ఆమె చాలా విన్నది. పోయిన ఏడాది ఆయన కాఫీ మానేశాడు. మర్నాడు టీ మొదలుపెట్టాడు. పకోడీలు మానేసి బజ్జీల్లోకి దిగాడు. పగటినిద్ర మానేస్తానని మంచం ఎత్తి గోడకు చేరవేసి, చాప పరుచుకున్నాడు. మాట మీద నిలబడే మనిషే. కాకపోతే ఆ మాటే కొంచెం పక్కకు జరుగుతూ ఉంటుంది.

ఈసారి సంగతి వేరు. కొన్నాళ్ళుగా ఆయనకు ఒకటే దాహం, అరికాళ్ళలో తిమ్మిరి. శనివారం మిల్లు నుంచి అటే బొబ్బిలి వెళ్ళి డాక్టరు డేవిడ్‌రాజుకి చూపించుకుంటే, ఒంట్లో చక్కెర చేరిందని ఆయన తేల్చాడు. "మీరు మిల్లులో పనిచేస్తున్నారా, మిల్లునే తింటున్నారా?" అని కూడా అడిగాడు. అన్నం పూర్తిగా ఆపెయ్యాలనీ, రాగులతో కాచే చోడి అంబలీ, జొన్నరొట్టే, కూరలూ తినాలనీ, అది కూడా నెలా రెణ్ణెల్ల ముచ్చట కాదు, బతికినంతకాలమూ అనీ చెప్పి పంపించాడు.

నరసింగరావుకి అన్నమంటే ప్రాణం. కొత్తబియ్యమో పాతబియ్యమో వీధిగుమ్మంలోంచే ఆవిరి వాసన చూసి చెప్పగలడు. కంచంలో గుట్టగా పెట్టించుకుని, నడుమ గుంట చేసి, అందులో పప్పు పోయించుకుని, దానిమీద నెయ్యి... ఆ పైన తలుచుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయినా నిర్ణయం నిర్ణయమే అనుకున్నాడు.

తాయారు ఊదుగొట్టం పక్కన పెట్టి ఇటు తిరిగింది. ఆమె నరసింగరావుకి స్వయానా మేనమామ కూతురు. ఆ మేనమామ పోయింది ఈ జబ్బుతోనే. కాలి వేలి మీద పుండు పడి, మానక, కాలు తీసేసినా బతకలేదు. మంచంలో ఉండి కూడా చివరిదాకా అన్నమే పెట్టమన్నాడు.

"బావా, నువ్వు ఏదో మానేస్తానంటావు, నేను నవ్వుతాను, అయిపోతాది. ఈసారి నవ్వలేను. మా నాన్నని సూసినాను," అంది తాయారు. "ఈసారి గాని మాట తప్పినావంటే నేను మరి నిన్ను ఏటీ అడగను. నువ్వు ఏది తింటానంటే అది వండి ఎడతాను. రోజూ బయపడతా బతకడం నావల్ల కాదు."

డాక్టరు చెప్పినప్పుడు కూడా నరసింగరావుకి ఇంత భయం వెయ్యలేదు. తాయారు అడగడం మానేసిన ఇల్లు ఎలా ఉంటుందో ఆయన ఊహకే అందలేదు. "ప్రాణం పోయినా ముట్టను," అని ఒట్టేసి, గిన్నెడు చోడి అంబలి కళ్ళు మూసుకుని తాగేసి, మధ్యాహ్నం తనే ఇంటికొచ్చి రొట్టె తింటాననీ, క్యారేజీ పంపొద్దనీ చెప్పి మిల్లుకి బయల్దేరాడు.

మిల్లులో అప్పటికే ఒక గొడవ రగులుతోంది. నూర్పులు అయి ధాన్యం బళ్ళు బారులు కట్టి వస్తున్నాయని, మధ్యాహ్నం కూటికి కూలీలెవరూ ఇళ్ళకు వెళ్ళకూడదని షావుకారు జగన్నాధం ఆంక్ష పెట్టాడు. బస్తాలు మోసే కలాసీలూ, కళ్ళంలో ధాన్యం ఎండబోసే ఆడవాళ్ళూ పొద్దుగూకేదాకా మాడుతున్నారు. "అలాగైతే మద్దేన్నం అన్నం ఇక్కడే ఎట్టించమను బాబూ," అని కలాసీల మేస్త్రీ సోములు ఆ భారం గుమస్తా నెత్తిన పెట్టాడు. శనివారం పొద్దున్న నరసింగరావు వెళ్ళి షావుకారుకి ఆ మాట చెప్పాడు, కడుపునిండా చీవాట్లు తిని వచ్చాడు. దాంతో తన పని అయిపోయిందనుకున్నాడు.

గుమస్తాగారి క్యారేజీ తేవడానికి మాత్రం ఏ ఆంక్షా లేదు. సోమవారం మధ్యాహ్నం కూడా కళ్ళంలో పనిచేసే అసిరమ్మ అలవాటు ప్రకారం వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"క్యారేజీ లేదే అసిరమ్మా," అంది తాయారు. "మీ బాబు అన్నం మానేసినాడు."

"ఓలమ్మో! ఏలమ్మా?"

"ఏలంటే ఏటి సెప్పను? శనివారం నుంచీ ఒకటే దిగులు. ఇయ్యాల పొద్దున్న పట్టు పట్టినాడు. ప్రాణం పోయినా ముట్టడట."

"నువ్వయినా తినమని సెప్పలేకపోనావా అమ్మా?"

"నేనేల సెప్తానే? ముట్టకుంటేనే నాకు సంతోషం," అంది తాయారు, పొయ్యి పొగకి మండుతున్న కళ్ళను కొంగుతో ఒత్తుకుంటూ.

అసిరమ్మ గుండె బాదుకుంది. తెలుగులో అన్నమంటే వరి అన్నమూ అవుతుంది, అసలు తిండీ అవుతుంది. దీనివల్ల అంతవరకూ ఎవరికీ నష్టం జరగలేదు. పైగా అవి దీక్షల రోజులు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం విశాఖలో జనం నిరాహారదీక్షలకు కూర్చుని ఎంతోకాలం కాలేదు. ఎవరైనా ఒక పూట తినలేదంటే ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగడం లేదు, ఎందుకోసం కూర్చున్నాడని అడుగుతున్నారు.

అసిరమ్మ దారిలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చి, మిల్లులో సోములుకి చెప్పింది. సోములు వీపు మీది బస్తా అక్కడే దింపేశాడు.

"ఒరే, మనకి అన్నం ఎట్టలేదని గుమస్తాబాబు అన్నం మానేసినాడ్రా!"

నరసింగరావు బల్ల ముందు కూర్చుని, ఇంటికి వెళ్ళి తినబోయే రొట్టె గురించి ఆలోచిస్తున్నాడు. తలెత్తేసరికి మిల్లంతా ఆయన చుట్టూ ఉంది.

"బాబూ," అన్నాడు సోములు, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని. "అన్నం మానేసినారట. నిజమేనా?"

నరసింగరావు పొంగిపోయాడు. తాయారు నమ్మిందన్నమాట! నమ్మకపోతే ఊరంతా చెబుతుందా? కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు.

"ఔన్రా. మానేసినాను."

"ఎన్నాళ్ళు బాబూ?"

"ఎన్నాళ్ళేటి? సచ్చేదాకా."

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. సోములు మీటింగులకు తిరిగిన మనిషి. ఈ పనికి పుస్తకాల్లో ఉండే పేరు అతనికి తెలుసు. "ఆమరణ నిరాహారదీక్ష," అని పక్కవాళ్ళకు మెల్లగా చెప్పాడు.

"ఏడుస్తారేటే? మంచికే గదా," అన్నాడు నరసింగరావు, ఆ ఏడుపు చూసి మరింత సంతోషించి. "నన్నడిగితే మీరూ మానెయ్యాల. ఒంటికి మంచిది."

"మావల్ల కాదు బాబూ. కావాలంటే పని మానేస్తాం," అన్నాడు సోములు. అన్నట్టే ఇంజను ఆపించేశాడు.

చూస్తూండగానే నరసింగరావుని కుర్చీతో సహా ఎత్తి మిల్లు గేటు ముందుకు తెచ్చి, బస్తాలు పేర్చి, వాటి మీద కూర్చోబెట్టారు. ఇంజను గదిలో దేవుడి పటానికి వేసిన బంతిపూల దండ తెచ్చి మెడలో వేశారు. వరి అన్నం మానేస్తే ఇంత గౌరవం దక్కుతుందని తెలిస్తే ఎప్పుడో మానేసేవాణ్ణి కదా అని ఆయన అనుకుంటూ ఉండగానే కేకలు మొదలయ్యాయి.

"గుమస్తాబాబు ప్రాణం కాపాడాల! మా అన్నం మాకెట్టాల!"

అప్పుడు అర్థమయింది. అర్థమయ్యాక బస్తాల మీంచి కిందికి దూకబోయాడు.

"ఒరే, నేను తింటానురా! ఇంటికెల్లి రొట్టె తినాల! ఒగ్గండి నన్ను!"

"ఆకలికి మనసు తిరుగుతన్నాది. గట్టిగా పట్టుకోండి," అన్నాడు సోములు తనవాళ్ళతో. "ఎంతటోళ్ళకయినా మొదట్లో ఇలాగే ఉంటాది బాబూ. ఓర్సుకోండి."

"దీక్ష కాదురా నీ మొహం! నా ఒంట్లో పంచదార ఉన్నాది!"

సోములు కళ్ళు చెమర్చాయి. "ఉంటాది బాబూ. మీ ఒళ్ళంతా పంచదారే. కాపోతే మాబోటోళ్ళ కోసం ఇంత పని సేస్తారా?"

షావుకారు జగన్నాధం అప్పుడే కంచం ముందు కూర్చున్నాడు. కబురు విని చెయ్యి కడిగేసుకున్నాడు. గుమస్తా చచ్చిపోతాడన్న బెంగ ఆయనకు లేదు. ఆ శరీరానికి ఒక నెలపాటు ఢోకా లేదని ఆయనకు తెలుసు. ఆయన భయమంతా తహసీల్దారు గురించి. గొడవ ముదిరితే తహసీల్దారు వస్తాడు. వచ్చినవాడు ఊరికే పోడు, వెనక గిడ్డంగి తాళం తియ్యమంటాడు. గవర్నమెంటు లెవీకి చూపించని ధాన్యమంతా ఆ తాళం వెనకాలే ఉంది. అందుకని షావుకారు చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఏటయ్యా నరసింగరావూ, నామీద ఇంత కోపమేటి?"

"అయ్యో, మీమీద కాదండి షావుకారుగారూ! నేను అన్నం మానేసింది మీమీద కాదు."

జగన్నాధం మొహం పాలిపోయింది. "నామీద కాదా? మరెవరి మీద? గవర్నమెంటు మీదా?" గవర్నమెంటు మీదైతే వ్యవహారం తహసీల్దారుతో ఆగదు, కలెక్టరే వస్తాడు.

"ఎవరిమీదా కాదండి. నా ఒంటి బాగు కోసం..."

"నువ్వు మాటాడకు, ఓపిక తగ్గిపోతాది," అని షావుకారు జనం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. "ఒప్పుకున్నాను. అందరూ వినండి! ఇయ్యాల నుంచి మధ్యాహ్నం అన్నం అందరికీ మిల్లులోనే!"

గేటు అదిరేలా అరిచారు. ఇంత గొడవ చేసి సాధించిన అన్నం వాళ్ళ కళ్ళ ముందుకు రావాలి కదా. షావుకారు ఇంట్లో వండిన అన్నం గుండిగతో సహా రిక్షాలో తెప్పించారు. దీక్ష విరమింపజేసే ముద్ద పెద్దవాళ్ళ చేతి మీదుగా పడాలని సోములు చెబితే, జగన్నాధం స్వయంగా పప్పూ నెయ్యీ కలిపి ముద్ద చేశాడు. ఆవిరి వచ్చి నరసింగరావు ముక్కుకు తగిలింది. సన్నబియ్యం. పాతవి. నెయ్యి ఆ పూట కాచిందే. పొద్దుటి అంబలి ఎప్పుడో అరిగిపోయింది, కడుపులో గొడవ బయటికి వినిపిస్తోంది.

సరిగ్గా అప్పుడు తాయారు వచ్చింది. మిల్లు గేటు దగ్గర నీ మొగుడు ప్రాణం విడుస్తున్నాడని ఎవరో చెబితే, జుట్టు ఊడిపోయినా ముడి వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. మొగుడు బతికే ఉన్నాడు. మెడలో దండ, మూతి ముందు అన్నం ముద్ద. మిగతా గొడవేమీ ఆమెకు తెలియదు. ముద్ద మాత్రం స్పష్టంగా కనిపించింది. ఆమె కేక వెయ్యలేదు, తిట్టలేదు. ఊరికే చూస్తూ నిలబడిపోయింది.

నరసింగరావు నోరు బిగించేశాడు.

"తినవయ్యా," అన్నాడు షావుకారు.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తినండి బాబూ, గెలిసినాం గదా!" అని సోములు బతిమాలాడు.

నోరు తెరిస్తే ముద్ద లోపలికొచ్చేస్తుందని నరసింగరావు పళ్ళ సందుల్లోంచే మాట్లాడాడు. "తినను. మా తాయారుకి మాటిచ్చినాను."

అందరూ తాయారు వైపు తిరిగారు. "ఏటమ్మా ఇది? ఇంకా ఏటి కావాల మీకు?" అని షావుకారు ఏడుపు గొంతుతో అడిగాడు.

"మాకేటీ వద్దండి," అంది తాయారు, తెల్లబోయి. "అతనికి జబ్బు. బొబ్బిలి డాక్టరు వరి అన్నం తినొద్దన్నాడు, సోడంబలి తాగమన్నాడు. అందుకే మానేసినాడు."

సోములు బంతిపూల దండ వైపు చూశాడు. అసిరమ్మ జనంలో వెనక్కి జరిగింది. జగన్నాధం మొహంలోకి మాత్రం మెల్లగా రక్తం వచ్చింది.

"అయితే దీక్ష లేదన్నమాట. దీక్ష లేనప్పుడు అన్నమూ లేదు," అని చేతిలో ముద్ద గుండిగలో పడేశాడు.

"అందరి ముందూ అన్నారు గదండీ, ఒప్పుకున్నానని!" అంది తాయారు. ఆమెకు సగమే అర్థమయింది గాని, ఆ సగానికే కోపం వచ్చింది. "అతను మానేసిన అన్నం ఎలాగూ మిగులుతాది. ఆకలితో ఉన్నోళ్ళకి ఎట్టడానికేటి?"

కలాసీలు కదలలేదు. ఇంజను కూడా కదలలేదు. బారులు తీరిన బళ్ళవాళ్ళు అప్పుడే పక్క మిల్లు వైపు చూస్తున్నారు. జగన్నాధం ఆలోచించాడు. కాఫీ మానేసి టీ తాగిన నరసింగరావు సంగతి ఆయనకు బాగా తెలుసు. పెదవులు తడుపుకుని చిన్నగా నవ్వాడు.

"సరేనమ్మా. నేను మాట తప్పే మనిషిని కాదు. గుమస్తా అన్నం మానేసినాడనే గదా ఒప్పుకున్నాను? ఆయన ముట్టనన్నాళ్ళూ వీళ్ళకి ఎడతాను. ఆయన ముట్టిన రోజున పొయ్యి ఆర్పేస్తాను. సమ్మతమేనా?"

సోములు నరసింగరావుని పైనుంచి కిందదాకా, సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు. "సమ్మతమే," అన్నాడు. తర్వాత గుమస్తా దగ్గరికి వచ్చి, "బాబూ, ఇంక మీ నోరు మీది కాదు," అని చాలా మర్యాదగా చెప్పాడు.

ఆ మర్యాద ఎలాంటిదో నరసింగరావుకి ఆ వారంలోనే తెలిసింది. సాయంత్రం హోటలు ముందు ఆగి ఇడ్లీ తెప్పించుకుంటే, ఎక్కణ్ణుంచి వచ్చాడో ఒక కలాసీ వచ్చి పళ్ళెం తీసేశాడు. ఇడ్లీ అన్నం కాదని గుమస్తా వాదించాడు. సంగతి మిల్లులో పంచాయితీకి వచ్చింది. బియ్యంలోంచి పుట్టిందేదైనా అన్నమేనని సోములు తీర్పు చెప్పాడు. ఆ ఒక్క తీర్పుతో అట్టూ, అటుకులూ, మరమరాలూ, గంజీ అన్నీ పోయాయి. డాక్టరు కూడా అంత కఠినంగా చెప్పలేదు. అసిరమ్మ రోజూ క్యారేజీ తెస్తూ దారిలో మూత తీసి వాసన చూసేది. తాయారమ్మ మీద నమ్మకం లేక కాదు, ఎవరి జాగ్రత్త వాళ్ళదని చెప్పేది.

వారం తిరక్కుండా పొయ్యి ఆర్పేయొచ్చనుకున్న జగన్నాధానికి నెల తిరిగినా ఆ యోగం పట్టలేదు. చివరికి మనవడి అన్నప్రాశన పేరు చెప్పి మిల్లువాళ్ళందరినీ కుటుంబాలతో సహా భోజనాలకు పిలిచాడు. నరసింగరావుని మొదటి బంతిలో, తన కొడుకు పక్కన కూర్చోబెట్టాడు. కలాసీలను పెరట్లో బంతికి పంపించాడు. వాళ్ళు తింటూ ఉంటే కాపలా కాసేవాడు ఉండడని ఆయన లెక్క. లెక్క తప్పలేదు. షావుకారే గరిటె పట్టి, వద్దంటున్నా వినకుండా, ఆకులో వేడివేడి అన్నం గుట్ట పోసి, నెయ్యి వేసి, చెవిలో అన్నాడు.

"ఒక్క ముద్ద. ఎవలూ సూడ్డం లేదు. పిల్లాడికి ఆశీర్వాదం అనుకో."

నిజంగానే ఎవరూ చూడడం లేదు. నరసింగరావు చెయ్యి తనంత తానే అన్నంలోకి వెళ్ళింది. కలిపింది. ముద్ద కూడా చేసింది. అప్పుడాయన ఎందుకో తలెత్తాడు.

ఎదుటి బంతిలో తాయారు చెయ్యి ఆకులో ఆగిపోయి ఉంది. ఆమె మొహంలో కోపం లేదు. తండ్రి మంచం పక్కన కూర్చున్న రోజుల్లో ఎలా చూసేదో అలా చూస్తోంది. ఇన్నేళ్ళూ ప్రతి కంచం ముందూ ఈమెను ఇలా భయపెట్టానా అని నరసింగరావుకి సిగ్గు ముంచుకొచ్చింది. ముద్ద వదిలేసి, చెయ్యి విదిలించి, ఆకు మడిచేశాడు. మడిచాక గుర్తొచ్చింది, అందులో గుత్తివంకాయ కూర కూడా ఉందని. మడిచిన ఆకు మళ్ళీ విప్పడం మర్యాద కాదు గనుక, అదీ పోయింది.

భోజనాలయ్యాక తాయారూ ఆయనా ఇంటికి బయల్దేరారు. వీధి మలుపు తిరిగాక, "బావా, ఇయ్యాల నాకు బయం తీరిపోనాది," అంది. వెంటనే, "వంకాయలున్నాయి, ఎల్లగానే వండి ఎడతాను," అని కూడా అంది. రాజాం వీధుల్లో ఆ పూట నరసింగరావు నడిచినట్టు ఏ పెళ్ళికొడుకూ నడిచి ఉండడు.

ఉగాది దగ్గర పడుతుండగా మళ్ళీ బొబ్బిలి వెళ్ళారు. తోడుగా ఉంటానని సోములు కూడా బస్సెక్కాడు. డాక్టరు డేవిడ్‌రాజు పరీక్ష చేసి, మళ్ళీ చేసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇలా మాట విన్న రోగిని నేను చూడలేదండీ. చక్కెర బాగా తగ్గింది, కాలి తిమ్మిరీ పోయింది. ఈ పద్ధతి ఇలాగే సాగనివ్వండి. పండక్కీ పబ్బానికీ ఓ గుప్పెడు అన్నం తింటే ఇక తప్పులేదు."

నరసింగరావు కళ్ళు మూసుకున్నాడు. ఆ గుప్పెడూ ఆయన కళ్ళ ముందు ఆవిరి కక్కుతోంది. తాయారు నవ్వింది. చాలాకాలానికి, ఏ భయమూ అడ్డులేని నవ్వు.

"ఉగాదికి ఎడతాను బావా," అంది. "నా సేత్తో కలిపి మరీ ఎడతాను."

గుమ్మంలో నిలబడ్డ సోములు ఇద్దర్నీ బయటికి తీసుకొచ్చాడు. డాక్టరుకి వినబడనంత దూరం వచ్చాక గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఈ డాక్టరుబాబు కుర్రోడు, ఇతనికి ఏటీ తెలీదు. ఇజీనారంలో పెద్ద డాక్టరున్నాడట, రేపే ఎల్దాం."

మర్నాడు పొద్దున్న విజయనగరం బస్సుకి టిక్కెట్లు కలాసీలే కొన్నారు.